రెక్కల ఇంజను

జంగ్లీఘాట్ రేవు దగ్గర ఒక రేకుల షెడ్డులో, టార్పాలిన్ కింద కనిపించింది ఆ ఇంజను. పాత డోంగీ పడవలోంచి దించారట. నూనె మడ్డి, ఉప్పు కలిసి ఒళ్లంతా నల్లగా పెచ్చు కట్టింది. కంపెనీ ప్లేటు కోసం తడిమాను. దాని మీద అక్షరాలను ఎప్పుడో ఉప్పుగాలి తినేసింది.

"ప్లేటుతో పనేటి బాబూ, ముందు రెక్కలు చూడండి" అన్నారు మెకానిక్ పెద్దాయన. సిక్కోలు యాస. 2011 జనాభా లెక్కల్లో ఈ అండమాన్ నికోబార్ దీవుల్లో నూటికి 13 మందికి పైగా తెలుగువాళ్లే. ఊరి పేరు 2024లో పోర్ట్ బ్లెయిర్ నుంచి శ్రీ విజయ పురం అయింది కానీ రేవులో మాట మారలేదు.

ఆయన రెక్కలన్నవి సిలిండరు చుట్టూ దొంతరగా ఉన్న పలుచని లోహపు అంచులు. డీజిల్ మండితే వచ్చే శక్తిలో సుమారు మూడోవంతే పనికొస్తుంది. మిగిలిన వేడిలో కొంత పొగతో పోతుంది, కొంత లోహంలోకి దిగుతుంది. లోహంలోకి దిగినదాన్ని కార్లో నీళ్లు మోసుకెళ్తాయి. ఇక్కడ ఆ పని గాలిది. ఫ్లైవీలుతో పాటే తిరిగే ఫ్యాను గాలిని విసిరితే, పైనున్న రేకు తొడుగు దాన్ని రెక్కల సందుల్లోకి మళ్లిస్తుంది.

పెద్దాయన జేబులోంచి అయస్కాంతం తీశారు. సిలిండరుకి టక్కున అతుక్కుంది. పక్కన విప్పి పెట్టిన హెడ్డు మీద పెడితే జారిపోయింది. సిలిండరు పోత ఇనుము, హెడ్డు అల్యూమినియం. మంట పుట్టేచోట వేడి త్వరగా బయటపడాలి. అల్యూమినియం మిశ్రమాలు పోత ఇనుము కంటే దాదాపు మూడు రెట్లు వేగంగా వేడిని లాగేస్తాయి. హెడ్డులో స్పార్క్ ప్లగ్గు లేదు, ఇంజెక్టరు ఉంది. అంటే డీజిలే.

చుట్టూ ఇంత సముద్రం పెట్టుకుని గాలి ఎందుకంటారా? ఉప్పునీరు లోపల తిరిగితే తుప్పు, పంపు పాడైతే గండం. రెక్కల ఇంజనునైతే పడవ ఒడ్డున ఉండగానే తిప్పి చూసుకోవచ్చు.

మంచుదేశాల్లోనూ నీళ్లంటే భయమే, అక్కడవి గడ్డకడతాయి. 1959లో వచ్చిన తొలి స్కీ-డూ మంచుబండికి కోలర్ కంపెనీ 7 హార్స్‌పవర్ గాలి ఇంజను పెట్టారు. అంతకు ముందే, 1911లో, కెప్టెన్ స్కాట్ అంటార్కిటికాకి గొలుసు పట్టాల మోటారు స్లెడ్జ్‌లు మూడు తీసుకెళ్లాడు. వాటివీ గాలి ఇంజన్లే. ఒకటి ఓడ నుంచి దించుతుండగానే మంచు విరిగి సముద్రంలో పడింది. మిగతా రెండూ అక్టోబరు 24న బయల్దేరి, నవంబరు 1 నాటికి మూలబడ్డాయి. అంత చలిలోనూ వాటిని పీడించింది ఇంజను వేడెక్కడమే! నాకు ఇదెప్పుడూ విస్మయమే. బయట ఎంత చలి ఉన్నా, వేడి పుట్టేచోటికి గాలి చేరకపోతే ఆ చలి ఇంజనుకి అక్కరకు రాదు.

మా ముందున్న ఇంజనుకి తొడుగు సగమే ఉంది. అడ్డమని ఎవరో కోసేశారు. పనికిమాలిన రేకులా కనిపించే ఆ తొడుగే ఇంజనుకి ఊపిరి అని పడవల వాళ్లందరికీ చెప్పాలనిపిస్తుంది నాకు. తొడుగు లేక, సందులు పూడిపోయి, పిస్టను సిలిండరులో పట్టేసింది. సిలిండరును ఊడదీసి చూస్తే, లోపలి గోడ మీద నిలువు గీతలు వేలికి తగులుతున్నాయి.

గీతలు పడని అడుగు అంచున వెర్నియరు పెట్టి కొలిచారు: 86 మిల్లీమీటర్లు. ఫ్లైవీలును చేత్తో తిప్పి పిస్టను ఎంత దూరం కదిలిందో చూశారు: 68. లెక్కేస్తే 395 సీసీ.

"మన ఆపే ఆటోలో టకటకలాడేది ఇదే బాబూ, గ్రీవ్స్" అన్నారు.

అది ఇటలీ లొంబార్డినీ కంపెనీ ఇంజన్ల వంశం. సైజు తప్పు చెప్తే తప్పు పిస్టను రింగులే వస్తాయి, అవీ సుమారు 1200 కిలోమీటర్ల సముద్రం దాటి. అందుకే మళ్లీ ఒకసారి కొలిచి, అట్టముక్క మీద రాసి, విశాఖకి ఫోను చేశారు. ఆపైన వెదురుపుల్ల చెక్కుకుని, రెక్కల సందుల్లో మడ్డి తీయడానికి కూర్చున్నారు.