ల్యాప్‌టాప్‌లో బాగానే నడిచిన డ్రైవర్ బోర్డు మీద ఎందుకు తప్పుతుంది?

హైదరాబాద్: టోలిచౌకి, మెహిదీపట్నం నుంచి రోజూ హైటెక్ సిటీకి డ్యూటీకి వెళ్లే పిల్లల్లో కొందరు ‘మేం డ్రైవర్లు రాస్తాం’ అంటారు. ఇంట్లో అమ్మీ, అబ్బాలకు డ్రైవర్ అంటే బండి నడిపేవాడే. ఇక్కడ సంగతి వేరు. కెమెరా, వైఫై చిప్, నెట్‌వర్క్ కార్డు లాంటి వాటితో ఆపరేటింగ్ సిస్టమ్‌ను మాట్లాడించే ప్రోగ్రాము పేరు డివైస్ డ్రైవర్. ఈ పనిలో కొత్తవాళ్లను బాగా ఏడిపించేవి రెండు: మెమరీ మ్యాపింగ్, క్యాష్ కోహెరెన్సీ.

మొహల్లాలో కిరాణా కొట్టు సంగతే తీసుకోండి. పెద్ద ఖాతా పుస్తకం లోపలి గదిలో ఉంటుంది. ప్రతిసారీ లోపలికి పోలేక సేఠ్ గల్లా పక్కన కాగితం చీటీ మీద లెక్క రాసుకుంటాడు. పుస్తకం అంటే మెమరీ, చీటీ అంటే క్యాష్, సేఠ్ అంటే ప్రాసెసర్. వెనక తలుపు నుంచి వచ్చిన కొడుకు ‘ఫలానా ఆయన 500 కట్టాడు’ అని నేరుగా పుస్తకంలో రాసి వెళ్లాడు. సేఠ్ మాత్రం చీటీ చూసి ‘ఇంకా బాకీ ఉంది’ అంటాడు. ఆ కొడుకే డివైస్. ప్రాసెసర్‌ను అడక్కుండా మెమరీలో రాసే ఆ పద్ధతిని డీఎంఏ అంటారు.

తప్పు రెండో వైపు నుంచి కూడా వస్తుంది. సేఠ్ చీటీ మీద రాసింది పుస్తకంలోకి ఎక్కించకపోతే కొడుకు పాత లెక్కే చదువుతాడు. అందుకే డివైస్‌కు డేటా ఇచ్చే ముందు చీటీని పుస్తకంలోకి ఎక్కించాలి, అంటే క్లీన్ చేయాలి. డివైస్ నుంచి డేటా తీసుకునేటప్పుడు పాత చీటీ చింపేయాలి, దాన్ని ఇన్వాలిడేట్ అంటారు.

చింపడంలో ఒక ప్రమాదం ఉంది. ఒకే చీటీ మీద నలుగురి లెక్కలు ఉంటాయి కదా. క్యాష్ కూడా అంతే, ఒక్కో బైటు కాకుండా 32 లేదా 64 బైట్ల లైన్లుగా పనిచేస్తుంది. డీఎంఏ బఫర్ పక్కన అదే లైన్‌లో వేరే వేరియబుల్ ఉంటే, చింపినప్పుడు దాని కొత్త విలువ కూడా పోతుంది. ఫంక్షన్ స్టాక్ మీది బఫర్‌ను డీఎంఏకు ఇవ్వొద్దనడానికి ఇదొక కారణం. ఎర్రర్ మెసేజ్ ఉండదు, సిస్టమ్ పడిపోదు. ఎప్పుడో ఒక ఫ్రేమ్‌లో నాలుగు పాత గీతలు కనిపిస్తాయి, అంతే.

మరి ల్యాప్‌టాప్‌లో ఎందుకు కనిపించదు? మామూలు ఇంటెల్, ఏఎండీ పీసీల్లో డివైస్ మెమరీలో రాస్తే హార్డ్‌వేరే గమనించి చీటీలను సరిచేస్తుంది. చాలా ఆర్మ్ బోర్డుల్లో ఆ సౌకర్యం అన్ని దారుల్లో ఉండదు. 2022లో ఏఎండీలో కలిసిన జైలింక్స్‌కు హైదరాబాద్‌లో పెద్ద కేంద్రమే ఉండేది. ఆ కంపెనీ జింక్-7000 చిప్ మంచి ఉదాహరణ. అందులో కార్టెక్స్-ఏ9 ప్రాసెసర్, ఎఫ్‌పీజీఏ రెండూ ఒకే చిప్‌లో ఉంటాయి. ఎఫ్‌పీజీఏ నుంచి మెమరీకి వెళ్లే నాలుగు హెచ్‌పీ పోర్టులు క్యాష్‌ను పట్టించుకోవు. ఏసీపీ అనే పోర్టు మాత్రం పట్టించుకుంటుంది. డిజైన్ చేసినవాళ్లు ఏ పోర్టు వాడారో అడక్కుండా డ్రైవర్ మొదలుపెడితే తిప్పలే.

లినక్స్‌లో దీనికి పద్ధతి ఉంది. ఇద్దరూ ఎప్పుడూ చూసే చిన్న మెమరీకి డీఎంఏ అలాక్ కోహెరెంట్ వాడాలి. పెద్ద డేటాకు డీఎంఏ మ్యాప్ సింగిల్ పిలిచి, డేటా ఎటు వెళ్తుందో చెప్పాలి. డివైస్‌కు ఇవ్వాల్సిన అడ్రస్ కూడా అదే ఇస్తుంది. ప్రాసెసర్ చూసే అడ్రస్, డివైస్ చూసే అడ్రస్ ఒకటే కావాలని లేదు మరి. మ్యాప్ చేశాక అన్‌మ్యాప్ లేదా సింక్ అయ్యేదాకా ప్రాసెసర్ ఆ బఫర్ జోలికి పోకూడదు. ప్రాసెసర్ ముందుచూపుతో తనంతట తానే పాత డేటాను క్యాష్‌లోకి లాక్కోవచ్చు, అందుకే పని అయ్యాక కూడా సింక్ తప్పనిసరి. డివైస్ రిజిస్టర్ల దారి వేరు. వాటిని ఐఓరీమ్యాప్‌తో క్యాష్ లేకుండా మ్యాప్ చేస్తారు.

కెర్నల్‌లో డీఎంఏ ఏపీఐ డీబగ్ ఆప్షన్ ఆన్ చేస్తే దిశ తప్పడం, మ్యాప్ చేయని మెమరీని సింక్ చేయడం లాంటివి ల్యాప్‌టాప్‌లోనే పట్టుబడతాయి. సింక్ పిలవడమే మర్చిపోతే మాత్రం అది చెప్పలేదు, బోర్డు మీద నడిపి చూడాల్సిందే.