టిగ్ వెల్డింగుకు ఏ గ్యాసు పెట్టాలె?

మన షోలాపూర్ తెలుగు పేటల్లో ఒకప్పుడు పిలగాడు బడి మానేస్తే సాంచా మీద నిలబెట్టేవాళ్లు. ఇప్పుడు ఐటీఐలో వెల్డరు కోర్సుకు పంపుతున్నరు. మంచి పనే. టవల్ కార్ఖానాలు, రంగుల కార్ఖానాలు ఉన్నన్ని రోజులు స్టీలు తొట్లు, పైపులు అతికేవాళ్లకు పని ఉంటది.

నేను మిల్లులో రంగుల ఖాతాలో చేసి రిటైరు అయినోణ్ణి. వెల్డరును కాదు. కాని వెల్డింగు మంచిగున్నదా లేదా అనేది ముందుగాల తెలిసేది రంగుల ఖాతా వాళ్లకే. తొట్టి అతుకు సరిగ్గ లేకపోతే ఉప్పు నీళ్లకు, ఆమ్లానికి అక్కడ తుప్పు పుడతది. ఆ తుప్పు మరక తెల్ల నూలు మీద పడతది. సరుకు వాపసు వస్తది. అట్ల వాపసు వచ్చినప్పుడల్లా మెయింటెనెన్సు మిస్త్రీల పక్కన నిలబడి, ఎందుకు ఇట్ల అయిందని అడిగి తెలుసుకున్న సంగతులు ఇవి. ఇప్పుడు మా తమ్ముని కొడుకు చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు పెట్టిండు. రోజూ పొద్దున అక్కడ కూర్చుంట, చూస్తుంట.

టిగ్‌లో మంట పుట్టించేది టంగ్‌స్టన్ కడ్డీ. అది దాదాపు 3,400 డిగ్రీల దాక కరగదు. దాని కింద స్టీలు కరిగి చిన్న మడుగు అయితది. ఆ మడుగుకు గాలి తగిలితే అతుకు నల్లబడతది, బొక్కలు పడతయి, టంగ్‌స్టన్ కూడ కాలిపోతది. అందుకని టార్చి మూతి నుంచి గ్యాసు వచ్చి గొడుగు పట్టినట్టు దాన్ని కాపాడాలె. ఆ గొడుగు ఏ గ్యాసుదనేదే అసలు ప్రశ్న.

జవాబు చిన్నదే. టిగ్‌కు శుద్ధమైన ఆర్గాన్ పెట్టాలె. ఇనుము, స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియం, రాగి, అన్నింటికీ అదే నడుస్తది. 99.99 శాతం కన్న తక్కువ శుద్ధి ఉన్నది తీసుకోవద్దు. ఈ గ్యాసును 1894లో రేలే, రామ్సే అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కనుక్కున్నరు. గ్రీకు భాషలో ఆర్గాన్ అంటే సోమరి అని. దేనితోనూ కలవదు, ఎంత వేడి చేసినా మారదు. ఆ సోమరితనమే మనకు కావాలె. మనం పీల్చే గాలిలోనే నూటికి ఒక వంతు కన్న కొద్దిగ తక్కువ ఉంటది. గాలిని బాగా చల్లబరిచి నీళ్లలెక్క చేసి, అందులోంచి దాన్ని వేరు చేస్తరు.

చాలా షెడ్లలో సీఓటూ మిషను కూడ ఉంటది. ఆర్గాన్ అయిపోయిన రోజు, పక్కన సీఓటూ సిలిండరు ఉంది గద, ఈ ఒక్క అతుకుకు తగిలిద్దాం అనిపిస్తది. వద్దు. ఆ మంట వేడికి సీఓటూ విడిపోయి ఆక్సిజన్ పుట్టిస్తది. టంగ్‌స్టన్ కొన చూస్తుండంగనే పాడైతది. ఆర్గాన్‌లో సీఓటూ కలిపిన మిక్స్‌డ్ గ్యాసు కూడ దొరుకుతది. అది మిగ్‌ది, టిగ్‌కు పనికిరాదు. సిలిండరు మీద ఆర్గాన్ అనే మాట చూసి మోసపోవద్దు, మొత్తం పేరు చదవాలె. శుద్ధ ఆర్గాన్ సిలిండరుకు మన దేశంలో నీలం రంగు. కాని రంగు ఒక్కటే నమ్మొద్దు.

హీలియం పెడితే మంట వేడి పెరుగుతది. 1940ల మొదట్లో అమెరికాలో విమానాల కంపెనీలో మెరిడిత్ అనే ఆయన ఈ వెల్డింగును హీలియంతోనే నడిపిండు. మందపు అల్యూమినియానికి, రాగికి ఆర్గాన్‌లో కలిపి వాడుతరు. కాని అది గాలి కన్న తేలిక, లేచిపోతది, ఎక్కువ వదలాలె. ధర కూడ ఎక్కువ. మన షెడ్లకు అక్కర లేదు. హైడ్రోజన్ కొద్దిగ కలిపిన ఆర్గాన్ 304, 316 రకాల స్టెయిన్‌లెస్ స్టీలుకు వాడుతరు. మామూలు ఇనుముకు పెడితే అతుకు పగుల్తది. అల్యూమినియానికి పెడితే బొక్కలు పడతయి.

గ్యాసు ఎంత వదలాలె? మామూలు పనికి నిమిషానికి 6 నుంచి 10 లీటర్లు చాలు. ఎక్కువ వదిలితే ఎక్కువ కాపాడుతది అనుకోవద్దు. జోరు ఎక్కువైతే సుడి తిరిగి బయటి గాలిని లోపలికి లాగుతది. పెద్ద సిలిండరులో 7 క్యూబిక్ మీటర్లు, అంటే 7,000 లీటర్లు. నిమిషానికి 8 లీటర్ల లెక్కన పద్నాలుగున్నర గంటలు రావాలె. అంత రాకపోతే పైపు ఎక్కడనో లీకు ఉన్నట్టు. సబ్బు నురుగు పూసి చూడాలె.

మన దగ్గర ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతది, ఫ్యాను లేంది కూర్చోలేం. కాని ఫ్యాను గాలి టార్చి మీదికి వస్తే గొడుగు ఎగిరిపోయినట్టే. ఫ్యాను మనిషి వీపుకు పెట్టి, మధ్యలో రేకు అడ్డం పెట్టాలె. మంట ఆపంగనే టార్చి ఎత్తొద్దు. కొన్ని సెకండ్లు గ్యాసు అట్లనే రానియ్యాలె. స్టీలు అతుకు వెండిలెక్క, లేత గడ్డి రంగుల ఉంటే బాగున్నట్టు. బూడిద రంగు, నలుపు వస్తే గాలి తగిలినట్టు. పైపు అతికేటప్పుడు లోపలి వైపు కూడ ఆర్గాన్ నింపాలె. లేకపోతే లోపల చక్కెర గడ్డ కట్టినట్టు అయితది. రంగు అక్కడనే పట్టుకుంటది.

ఇంక అన్నిటి కన్న పెద్ద మాట. తల్లిదండ్రులు కూడ చదవాలె.

ఆర్గాన్ విషం కాదు. కాని గాలి కన్న దాదాపు 1.4 రెట్లు బరువు. తొట్టి లోపల అడుగుకు చేరి ఉంటది. రంగు లేదు, వాసన లేదు. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం ఉంటది. 19.5 కన్న తగ్గిన జాగలోకి దిగొద్దు. బాగా తగ్గితే ఒకటి రెండు శ్వాసల్లోనే మనిషి కూలిపోతడు. ఊపిరి ఆడక గింజుకునేది కూడ ఉండదు, అందుకే ఎవరికీ తెల్వదు. కిందపడ్డ వాణ్ణి తీయనీకి ఉరికి దిగిన రెండో మనిషి కూడ అక్కడనే పడతడు.

అందుకని తొట్టి లోపల పని ఉంటే, దిగే ముందు మీటరుతో ఆక్సిజన్ చూడాలె. బ్లోయరుతో మంచి గాలి ఆడించాలె, కాని టార్చికి తగలకుండ. గాలి కోసమని ఆక్సిజన్ సిలిండరు విప్పొద్దు, బట్టలు అంటుకుంటయి. తిండికి పోయేటప్పుడు సిలిండరు వాల్వు బంద్ చేసి టార్చి బయటికి తీయాలె. లోపలి మనిషికి బెల్టు, తాడు ఉండాలె. బయట ఒకరు కాపలా ఉండి, ఏమన్న అయితే తాడుతోనే లాగాలె. తాను దిగొద్దు.

మన పిల్లలు రాత్రి డ్యూటీ చేసి వస్తే ఎంత జీతం, ఎంత ఓవర్‌టైం అని అడుగుతం. తొట్టిలో దిగినవా, బయట ఎవరు నిలబడ్డరు అని కూడ అడగండి. ఎవరూ లేరంటే, రేపు షేటును అడగమని చెప్పండి. కాపలా మనిషిని ఇవ్వనంటే తొట్టిలో దిగొద్దని చెప్పండి.