మూలకణ మార్పిడిలో కొలెస్ట్రాల్‌ మాత్ర.. ఆశ ఎంత? జాగ్రత్త ఎంత?

నందికొట్కూరు: గుండెపోటు నివారణకు అనేకమంది నిత్యం వేసుకునే స్టాటిన్‌ మాత్ర రక్తక్యాన్సర్‌ రోగులకు చేసే మూలకణ మార్పిడిలోనూ అక్కరకు వస్తుందా అన్న అంశంపై కొన్నేళ్లుగా పరిశోధనలు సాగుతున్నాయి. నందికొట్కూరు పరిసరాల రోగులు ఈ చికిత్స కోసం హైదరాబాద్‌లోని నిమ్స్‌, వెల్లూరులోని సీఎంసీ వంటి పెద్దాసుపత్రులకు వెళ్లవలసి ఉంటుంది. దాతగా ముందుకు వచ్చే అన్నో, అక్కో అప్పటికే ఈ మాత్ర వాడుతుండవచ్చు. అందుచేత దీనిపై ఇంటిల్లిపాదికీ అవగాహన అవసరం.

ముప్పు ఎక్కడ?
తోబుట్టువుల్లో ఒక్కొక్కరి కణజాలం రోగికి పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతు మాత్రమే. సరిపోయినప్పటికీ, దాత నుంచి వచ్చిన టి-కణాలు రోగి చర్మం, కాలేయం, పేగులను పరాయివిగా భావించి దాడి చేయవచ్చు. దీనినే గ్రాఫ్ట్‌ వర్సెస్‌ హోస్ట్‌ వ్యాధి అంటారు. మార్పిడి అనంతర మరణాలకు ప్రధాన కారణాల్లో ఇదొకటి. దీని నివారణకు వాడే మందుల్లో మెథోట్రెక్సేట్‌ ముఖ్యమైనది. భీమవరంలో జన్మించిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలో 1940వ దశకంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో రూపుదిద్దుకున్న ఔషధమిది.

పరిశోధనల్లో తేలినదేమిటి?
శరీరంలో కొలెస్ట్రాల్‌ తయారీకి తోడ్పడే ఎంజైమును స్టాటిన్లు అడ్డుకుంటాయి. టి-కణాలు చురుకుగా మారేందుకు కావలసిన కొన్ని పదార్థాలు కూడా ఆ మార్గంలోనే తయారవుతాయి. అవి తగ్గితే టి-కణాల దూకుడూ తగ్గుతుంది. క్యాన్సర్‌పై పోరాడే శక్తి సన్నగిల్లకుండానే ఈ వ్యాధి అదుపులో ఉన్నట్లు 2007లో ఎలుకలపై జరిపిన ప్రయోగాల్లో వెల్లడైంది. దాతలు స్టాటిన్‌ వాడుతున్న సందర్భాల్లో రోగులకు తీవ్రస్థాయి వ్యాధి తక్కువగా వచ్చినట్లు 2010లో అమెరికాలోని సియాటిల్‌ పరిశోధకులు ప్రకటించారు.

వెస్ట్‌ వర్జీనియా విశ్వవిద్యాలయ వైద్యులు 30 మంది రోగులకు, వారికి దాతలైన తోబుట్టువులకు రోజుకు 40 మిల్లీగ్రాముల అటోర్వాస్టాటిన్‌ ఇచ్చి, 2013లో ఫలితాలు ప్రచురించారు. తొలి వంద రోజుల్లో చెప్పుకోదగ్గ స్థాయిలో ఈ వ్యాధి కనిపించినది 3.3 శాతం మందిలోనే. అయితే మాత్ర ఇవ్వని బృందంతో పోల్చి చూసిన ప్రయోగం కాదది. తర్వాతి అధ్యయనాలన్నింటిలోనూ అంతటి ఫలితం రాలేదు. కనుక ఇది ఆశాజనకమే గానీ స్థిరపడిన చికిత్స కాదు.

సొంత వైద్యం తగదు
మాత్ర చవకైనదే అయినా రోగి తనంతట తాను వేసుకోవడం ప్రమాదకరం. మార్పిడి రోగులకు ఇచ్చే సైక్లోస్పోరిన్‌, కొన్ని ఫంగస్‌ నివారణ మందులు రక్తంలో స్టాటిన్‌ మోతాదును పెంచుతాయి. ఫలితంగా కండరాలు దెబ్బతిని, మూత్రపిండాలకు ముప్పు వాటిల్లవచ్చు. తీవ్రమైన కండరాల నొప్పి, ముదురు రంగు మూత్రం కనిపిస్తే వెంటనే వైద్యులను సంప్రదించాలి.

దాత కాబోయేవారు తాము వాడుతున్న మందుల చీటీలన్నీ మార్పిడి వైద్యులకు చూపించాలి. స్టాటిన్‌ వాడుతున్న సంగతి దాచరాదు. వైద్యుల సలహా లేకుండా దానిని మానరాదు, కొత్తగా మొదలుపెట్టనూరాదు.