ఇంటికి వచ్చిన చెట్టుకప్ప: సంరక్షణ విధానము

తొలకరి వాన కురిసిన మరునాడు పల్లెలలో పిల్లలు కప్పలను పట్టుట పరిపాటి. నూతి ప్రక్కనున్న అరటియాకుపైననో, స్నానపు దొడ్డి గోడకో అంటుకొని కూర్చుండు చెట్టుకప్ప వారిని మిక్కిలి ఆకర్షించును. దానిని పట్టి సీసాలో వేసి, మూత బిగించి, బడికి కొనిపోవుదురు. మరునాటికది చచ్చిపోవును. ఆ పిల్లలకు దానిని చంపవలెనను తలంపు లేదు. పెంచుకొనవలెననియే వారి కోరిక. పెంచు విధము తెలియకపోవుటయే లోపము. ఆ విధమును గ్రామ పెద్దలు తెలిసికొని చెప్పినచో ఒక ప్రాణి బ్రతుకును. ఊరి నీటిని గూర్చి ఒక పాఠమును పిల్లలకు నేర్పినట్లగును.

కప్పను గుర్తించుట

మన ఇండ్లలో సాధారణముగా కనబడు చెట్టుకప్పను శాస్త్రజ్ఞులు ‘పాలిపెడేటిస్ మాక్యులేటస్’ అందురు. దీనిని తొలుత 1830లో జాన్ ఎడ్వర్డ్ గ్రే అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు వర్ణించెను. ఆడది 7, 8 సెంటీమీటర్ల వరకు పెరుగును. మగది అంతకంటె చిన్నది. వీపు గోధుమ లేక బూడిద వర్ణము. తొడల వెనుక పసుపుపచ్చని గుండ్రని మచ్చలుండును. వ్రేళ్ల చివర బిళ్లలవంటి మెత్తలుండుటచే నున్నని గోడనైనను ఎక్కగలదు. వేసవిలో తేమను వెదకుకొనుచు నీళ్లకుండల చాటునకు, స్నానపు గదులకు చేరును. ఇది కరవదు, దీనివలన కండ్లు పోవునను మాట నిజము కాదు. అయినను దానిని తాకిన పిమ్మట సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. కప్పల చర్మముపై మనకు కడుపునొప్పి, విరేచనములు కలిగించు సూక్ష్మజీవులు ఉండవచ్చును.

చర్మమే దాని నోరు, ముక్కు

కప్ప నోటితో నీరు త్రాగదు. తడినేలపై పొట్టనానించి చర్మము ద్వారా నీటిని పీల్చుకొనును. ఊపిరితిత్తులతో పాటు ఆ చర్మముతో కూడ గాలిని గ్రహించును. కావున మన చేతికంటిన ఉప్పు, సబ్బు, నూనె, పొగాకు, పురుగుమందు నేరుగా దాని శరీరములోనికి ప్రవేశించును. ఈ ఒక్క సంగతి గ్రహించినచో సంరక్షణలోని తక్కిన నియమములన్నియు తామే బోధపడును.

ఉంచు స్థలము

మూత బిగించిన సీసా పనికిరాదు. రెండడుగుల ఎత్తుగల పెట్టెను గాని, వెదురు బుట్టను గాని తీసికొని, పైన దోమతెర గుడ్డ కట్టవలెను. చెట్టుకప్ప పైకి ప్రాకు జంతువగుటచే వెడల్పు కంటె ఎత్తు ముఖ్యము. లోపల ఆకులున్న కొమ్మ నొకదానిని నిలిపి, అడుగున తడిపిన కొబ్బరిపీచు పరచి, ఒక లోతులేని మూకుడులో నీరు పోయవలెను. కప్ప కూర్చున్నచో సగము మాత్రమే మునుగునంత నీరు చాలును. పెట్టెను ఎండ తగులని నీడపట్టున ఉంచి, ఉదయము, సాయంకాలము ఆకులపై నీరు చిలుకరించవలెను.

వాననీరుగాని, శుభ్రమైన బావినీరుగాని మేలు. బ్లీచింగ్ పొడి కలిపిన నీటిని వెడల్పాటి పాత్రలో పోసి ఒక దినము ఆరుబయట ఉంచిన పిమ్మటనే వాడవలెను. మూకుడులోని నీటిని ప్రతిదినము మార్చవలెను. కప్పను పట్టవలసివచ్చినచో వట్టి నీటితో బాగుగా కడిగిన తడిచేతులతోనే పట్టవలెను.

ఆహారము

చెట్టుకప్ప రాత్రి వేళ వేటాడును. కదలుచున్న దానినే అది ఆహారముగా గుర్తించును. అన్నము, పాలు, రొట్టె పెట్టుట వ్యర్థము. అవి కుళ్లి నీటిని పాడుచేయును. కీచురాళ్లు, చిన్న మిడతలు, దీపముచుట్టు మూగు రెక్కపురుగులు, ఉసిళ్లు దాని భోజనము. పురుగు దాని రెండు కండ్ల నడిమి దూరము కంటె పెద్దది కారాదు. పెరిగిన కప్పకు దినము విడచి దినము మూడు, నాలుగు పురుగులు చాలును. మందు చల్లిన చేనిలో పట్టిన పురుగులను పెట్టరాదు. క్రొత్తగా వచ్చిన కప్ప ఒకటి రెండు దినములు తినకపోవచ్చును. దానిని కదలింపక విడచుట మంచిది. అటుపిమ్మటను తినకున్నచో వెంటనే విడిచిపెట్టవలెను.

ఎన్నాళ్లు ఉంచవలెను?

నాలుగైదు దినములు చాలును. బడి పిల్లలు దాని నడక, వేట, రంగు మారుట చూచిన పిదప, సాయంసమయమున పట్టిన చోటనే విడువవలెను. మరియొక ఊరి చెరువునకు కొనిపోరాదు. 1999లో శాస్త్రజ్ఞులు నామకరణము చేసిన ఒక బూజుజాతి వ్యాధి పలు దేశములలో కప్పలను నశింపజేసినది. కప్పలను ఒక చోటినుండి మరియొక చోటికి చేర్చుటవలన ఇట్టి వ్యాధులు వ్యాపించును. అడవి జంతువులను కొనుట, అమ్ముట తగదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అనేక జీవులకు రక్షణ కల్పించినది. సందేహము కలిగినచో అటవీ అధికారులను సంప్రదించవలెను.

పంచాయతీ చేయదగిన పని

వానకాలమున చెట్టుకప్ప నీటికి పైగా ఉన్న ఆకులకో, తొట్టి గోడలకో తెల్లని నురుగు గూడు కట్టి అందులో గ్రుడ్లు పెట్టును. కొద్ది దినములకు పిల్లలు క్రింది నీటిలోనికి జారిపడి, సుమారు రెండు మాసములకు కప్పలగును. ఇచ్చట ఒక చిక్కు కలదు. డెంగీ జ్వరమును వ్యాపింపజేయు దోమ నీటితొట్లలోనే పుట్టును. కనుక వారమున కొకసారి వానిని ఖాళీచేసి తోమవలెను. కప్పల కొరకు ఈ పని మానరాదు. కప్పలున్నంత మాత్రమున దోమలు పోవు. కాని నురుగు గూడున్న ఆకును కొమ్మతో సహా కోసి, అదే ఊరిలోని గుంట ఒడ్డున నీటికి పైగా కట్టుట కష్టము కాదు. తొట్టిలో తోకకప్పలున్నచో ఆ నీటితోనే గుంటకు చేర్చవచ్చును.

పురుగుమందు కొట్టు పంపులను చెరువులో కడుగకుండ పంచాయతీ కట్టుదిట్టము చేయవలెను. గుంట గట్టున కొంత పొద మిగుల్చవలెను. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ననుసరించి గ్రామములో ఏర్పడు జీవవైవిధ్య నిర్వహణ సంఘము వ్రాయించు ప్రజా జీవవైవిధ్య పట్టికలో ఊరి కప్పల పేర్లను, అవి కూయు మాసములను చేర్చవచ్చును; ఈ పనికి బడి పిల్లలే తగిన సహాయకులు.

పొలములలోని పెద్ద కప్పలను కాళ్లకొరకు లక్షలుగా చంపి విదేశములకు పంపుచుండగా, 1987లో భారత ప్రభుత్వము ఆ ఎగుమతిని నిషేధించినది. చట్టము ఎగుమతిని ఆపగలదు. ఊరి గుంటను శుభ్రముగా ఉంచవలసినది ఊరివారే. వానలు వెనుకబడిన యేట కప్పను రోకలికి కట్టి కప్పతల్లిగా ఇల్లిల్లు త్రిప్పి, నీరు పోసి వానను వేడుకొను ఆచారము మన పల్లెలలో కలదు. నాడు నీరు పోసిన చేతులే, వాన కురిసిన పిమ్మట దాని గుంటను కాపాడవలెను.