అరువు రేపు

చిల్లర దుకాణములలో గల్లాపెట్టె వెనుకగోడకు వ్రేలాడు "నేడు నగదు - రేపు అరువు" అను బల్లను చూచి చిరునవ్వు నవ్వుకొననివారుండరు. ఆ రేపు ఎన్నటికిని రాదని అమ్మువానికిని తెలియును, కొనువానికిని తెలియును. అయితే ఆ వర్తకుడే తనకు రుచింపని పనులకన్నిటికిని లోలోపల అదే బల్ల చూపి పంపివేయుచుండుట మాత్రము ఎవరి కంటను పడదు.

ఒక చిన్న పట్టణములో ఇనుపసామాను, రంగులు అమ్ముకొను వర్తకుని తలచుకొందము. ఉదయము ఏడింటికి తలుపులు తీసినది మొదలు రాత్రి తొమ్మిదింటికి తాళము వేయుదాక నిలుచున్న కాలిమీదనే యుండు ఆ మనిషిని సోమరి యనుట అన్యాయము. అయినను, ఇండ్లు కట్టించు మేస్త్రీ ఒకరు ఎన్నడో తీసికొనిపోయిన గొట్టముల బాకీ అడుగవలసిన పూటనే అతనికి మేకులపెట్టెలు వరుసగా పేర్చవలెనని బుద్ధి పుట్టును. రంగుడబ్బాల దుమ్ము అంతవరకు లేనంత దుస్సహముగా కనబడును. ఆ పనులన్నియు నిజమైన పనులే యగుటచేత తాను తప్పించుకొనుచున్నానన్న శంకయైన అతనికి కలుగదు.

మహాభారతము ఉద్యోగపర్వమున విదురుడు, అభ్యుదయము కోరువాడు విడువవలసిన దోషములు ఆరింటిని చెప్పుచు ఆలస్యమును, దీర్ఘసూత్రతను వేరువేరుగా లెక్కించెను. తెలుగున ఆలస్యమనగా జాగు అని అర్థము స్థిరపడినది గాని, సంస్కృతమున అది సోమరితనమే. పని వాయిదా వేయుట సోమరితనముకంటె భిన్నమైన జబ్బని ఆ లెక్కలోనే యున్నది. భయము కూడ ఆ ఆరింటిలో నొకటియగుట గమనింపదగినది. కెనడా మనస్తత్త్వశాస్త్రవేత్త తిమోతీ పిచిల్, ఫ్యూషియా సిరోయితో కలిసి 2013లో ప్రకటించిన వ్యాసమున చెప్పినదియు దీనికి దూరము కాదు: మనిషి తప్పించుకొనునది పనిని కాదు, ఆ పని తలపునకు వచ్చినంతనే మనసున రేగు చేదును. మన వర్తకుని విషయమున ఆ చేదునకు తెలుగులో చక్కని పేరే కలదు - మొగమాటము.

మొగమాటమునకు వెల కలదు. ఆ వెలకు న్యాయశాస్త్రమున "కాలదోషము" అని పేరు. 1963 నాటి కాలపరిమితి చట్టము ప్రకారము, చెల్లింపు గడువేదియు పెట్టుకొనక అరువిచ్చిన సరకు సొమ్మునకు, సరకు అప్పగించిన నాటినుండి 3 సంవత్సరములలోపల దావా వేయవలెను. అవి గడచినచో ఆవర్జాలో పద్దు చెక్కు చెదరకుండును గాని, కోర్టునకు పోయి రాబట్టుకొను దారి మూసికొనిపోవును. ఆ గడువు తీరకముందే "ఇంత బాకీ యున్నాను" అని వ్రాతమూలముగా ఒప్పుకొని బాకీదారుడు సంతకము చేసినచో, సంతకము చేసిన నాటినుండి లెక్క మరల మొదలగును. అనగా మూడేండ్ల మొగమాటమునకు విరుగుడు ఒక కాగితము, ఒక సంతకము. అప్పు వదలుకొనుటకైనను సిద్ధపడుదురు గాని ఆ కాగితము చాచుటకు చేయి రాని వర్తకులు మనలో ఎందరు లేరు!

పన్నుల సంగతి ఇంత సున్నితమైనది కాదు. నెలనెలా జీఎస్టీ లెక్కలు దాఖలు చేయువారు 3బీ పత్రమును మరుసటి నెల 20వ తేదీలోగా పంపనిచో దినమునకు 50 రూపాయలు, వ్యాపారమే జరుగని నెలకైనను 20 రూపాయలు ఆలస్యరుసుము. కట్టవలసిన పన్నుపై ఏటికి 18 శాతము వడ్డీ అదనము. ఇచట మొగమాటపడుటకు ఎదుట మనిషియైనను లేడు. ఉన్నది బిల్లులకట్ట విప్పుటకు విసుగు మాత్రమే.

పీటర్ గోల్విట్జర్ అను శాస్త్రజ్ఞుడు 1999లో చూపిన ఉపాయము చూచుటకు అతిసామాన్యము: "చేయుదును" అని సంకల్పించి ఊరకుండక, ఫలానా క్షణమున, ఫలానా చోట చేయుదునని ముందుగానే ముడివేసికొనుట. మన వర్తకునకు అట్టి క్షణము దినదినమును సిద్ధముగనే యున్నది. గల్లాపెట్టెయెదుట అగరువత్తి వెలిగించినపిదప, బోణీ బేరము రాకముందు, ఫోను తీసి ఒక్క బాకీదారుని పలుకరించుట. ఇద్దరిని కాదు, ఒక్కరినే. అందునను శుక్రవారము పనికిరాదు, లక్ష్మిని ఇల్లు దాటింపరాదన్న సాకు అవతలివారికి ఆనాడు సిద్ధముగా నుండును. గురువారమే మేలు.

గురువారము నాటి ఆ సంభాషణము రెండు నిమిషములకంటె సాగదు. కుశలప్రశ్నలైన పిమ్మట మేస్త్రీ, "రేపు చూద్దాం లెండి" అనును. అంతవరకు ఆ మాట విని ఫోను పెట్టివేయుచు వచ్చిన వర్తకుడు ఈమారు, "రేపు శుక్రవారం కదండీ. శనివారం ఎన్ని గంటలకు రమ్మంటారు?" అని అడుగును.