వేసవి సెలవుల్లో గాలం వేయాలంటే

వేసవి సెలవుల్లో మన కోనసీమ కుర్రాళ్లకు చేపల వేటే సరదా. పంట కాలువలు కట్టేశాక మిగిలిన మడుగుల్లో కొరమేను దొరుకుతుంది. ఇది పైకి వచ్చి గాలి పీల్చే చేప. నీళ్లు కదిలిన చోట వానపామును గుచ్చిన గాలం వేసి, బెండు మునిగేదాకా ఓపిక పట్టాలి.

తొలకరి పడ్డాక మాత్రం కొరమేనును పట్టకూడదు. అప్పుడు తల్లీతండ్రీ పిల్లల గుంపుకు కాపలా కాస్తాయి. వాటిని పడితే పిల్లలు ఇతర చేపల పాలవుతాయి. సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటను నిషేధించేది కూడా చేపలు గుడ్లు పెట్టే కాలమనే.

కొందరు గోదావరి పాయలకూ వెళ్తారు. అక్కడ ఇసుక తవ్విన గోతులు పైకి కనబడవు. మిత్రులారా! ఇంట్లో చెప్పి, పెద్దవాళ్లతోనే వెళ్లండి. ఈత రానివారు గట్టు దిగవద్దు. హాస్టల్ తెరిచిన రోజున మనమందరం మళ్లీ కలవాలి.