పూచీ ఎవరు?

కిందటేడు వేసవిలో ఒక సాయంకాలం మా కాలేజీలో బి.కాం. ప్యాసయిన కుర్రవాడొకడు మా ఇంటికి వచ్చాడు. ఒక బట్టలకొట్టులో లెక్కలు చూసే ఉద్యోగానికి వెళ్ళాడట. యజమానికి కుర్రవాడూ నచ్చాడు, అతని పనీ నచ్చింది. చివర్లో ఆయన, "ఏ వూరు అబ్బాయీ? మీ నాన్నగారేం చేస్తారు?" అని అడిగాడు. మనలో అడగని వారెవరు గనుక! "ప్రభుత్వ బాలల గృహంలో పెరిగానండీ" అన్నాడు ఇతను. "అయితే నీకు పూచీ ఎవరు?" అన్నాడాయన.

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ వచ్చాడు మా ఇంటికి.

ఇలాంటి పిల్లలు 18 ఏళ్ళు నిండగానే గృహం విడిచి వెళ్ళాలి. అలా వెళ్ళే వారికి ఆర్థిక సహాయం 'ఇవ్వవచ్చు' అంటుంది 2015 నాటి బాలన్యాయ చట్టం, 46వ సెక్షనులో. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనుక నా దృష్టి ముందు క్రియాపదం మీదికే పోతుంది. 'ఇవ్వవచ్చు' వేరు, 'ఇవ్వవలెను' వేరు. 2016 నిబంధనలు ఆ ఆసరాను 21 ఏళ్ళ దాకా, ప్రత్యేక పరిస్థితులలో 23 దాకా పొడిగించాయి. 2022 నాటి మిషన్ వాత్సల్య మార్గదర్శకాలు నెలకు 4,000 రూపాయలన్నాయి. మంచిదే. కాని డబ్బు వచ్చి పూచీకత్తు మీద సంతకం పెట్టదు గదా! నేను పెట్టాను.

పదిహేను రోజులకే ఒక చిక్కు వచ్చిపడింది. జీతం నెల నిండాక గాని రాదు. గదికి అడ్వాన్సు, మెస్సుకు డబ్బు ముందే కట్టాలి. ఇంటినుంచి వచ్చిన కుర్రవాడికైతే తండ్రి సర్దుతాడు. ఇతనికి కొట్టులోని పెద్ద గుమాస్తాగారు యజమానితో చెప్పి, సగం జీతం ముందుగా ఇప్పించారు.

మొదటి జీతం పన్నెండు రోజుల్లో అయిపోయింది. గృహంలో ఉన్న చిన్న పిల్లలకు మిఠాయిలు, చొక్కా గుడ్డలు కొని పట్టుకెళ్ళాడు. యజమాని నాకు ఫోను చేసి, "మీవాడు వట్టి దుబారా మనిషండీ" అన్నాడు.

"మీ పెద్దబ్బాయి మొదటి జీతం ఏం చేశాడండీ?" అన్నాను.

"వాళ్ళమ్మకు పట్టుచీర కొన్నాడు" అని, తనే నవ్వేశాడు. గంట కొడితే నిద్ర లేచి, గంట కొడితే అన్నం తిని పెరిగినవాడికి నెల సరుకుల లెక్క ఎలా తెలుస్తుంది? మూడు నెలలపాటు జీతం వారం వారం ఇచ్చారు. దానితో సర్దుకుంది.

ఆ తరువాత ఒకనాడు పద్దు తప్పు పడిందని యజమాని కేకలేశాడు. మర్నాడు కుర్రవాడు రాలేదు. కేకలేస్తే ఉద్యోగం పోయినట్టే అనుకున్నాడు పాపం! తిట్టిన మనిషే మళ్ళీ అన్నానికి పిలవడం ఇంట్లో పెరిగినవాళ్ళకు మామూలు, అతనికి కొత్త. గుమాస్తాగారు గదికి వెళ్ళి పిలుచుకు వచ్చారు. కొట్టుకు వెయ్యి చేతులుంటే ఏం లాభం? ఇలా గదిదాకా వెళ్ళే మనిషి ఒక్కరుండాలి.

యజమాని మంచివాడే గాని, వచ్చిన ఖాతాదారులందరికీ "అనాథండీ, దిక్కులేకపోతే మేమే పెట్టుకున్నాం" అని చెప్పేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా కుర్రవాడు తల వంచుకుని కంప్యూటరులోకి చూసేవాడట. ఇల్లు లేదు గదా అని ప్రతి పండుగనాడూ డ్యూటీ అతనికే వేసేవారు. గుమాస్తాగారు ఈ రెండూ మాన్పించారు. సంక్రాంతికి అతనూ మూడు రోజులు సెలవు తీసుకున్నాడు. ఎక్కడికి వెళ్ళావని ఎవరూ అడగలేదు.

మొన్న బజారులో కనిపించాడు. కొట్టులోకి అదే గృహంనుంచి ఇంకొక కుర్రవాడు వచ్చాడట.

"పూచీ ఎవరోయ్?" అన్నాను.

"నేనే పెట్టానండీ మాస్టారూ" అన్నాడు.